హిందీలో లేని రెండక్షరాలు

మా ఇంట్లో గడప దాటేవాళ్ళు "వెళ్తున్నాను" అనకూడదు. "వెళ్ళొస్తాను" అనాలి. తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటిలోనూ ఉన్న పట్టింపే ఇది, కొత్తేమీ కాదు. కానీ రైల్వే క్వార్టర్లలో దాని బరువు వేరు. మా నాన్న గూడ్సు బండి గార్డు. డ్యూటీకి ఎప్పుడు వెళ్తాడో తెలుసు గానీ ఎప్పుడు తిరిగొస్తాడో ఎవరికీ తెలియదు. బండి ఏ సిగ్నలు దగ్గర ఎంతసేపు పడుంటుందో దేవుడికే తెలియదని అమ్మ తిట్టుకునేది. అందుకని నాన్న గేటు దగ్గర బూట్లు తొడుక్కుంటూ "ఎల్లొత్తానే అమ్మా" అనేవాడు. వరండాలో మంచం మీద కూర్చున్న మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, "ఎల్లిరా నాయినా" అనేది. ఆ రెండు మాటలూ పడ్డాకే గేటు గొళ్ళెం తీసే చప్పుడు వినిపించేది.

ఒక్క రోజు ఆ మాట పడలేదు. నాన్న గొంతు అప్పటికి చాలా నెలలుగా బొంగురు పోయి ఉంది. రైల్వే ఆసుపత్రి వాళ్ళు పరీక్షలు చేసి, పుండు ముదిరిందని, ఆపరేషన్‌కి నాగ్‌పూర్ పంపారు. ఆ ఉదయం మామ్మ పట్టుకున్న పట్టు వదల్లేదు. "ఎప్పుడొత్తావురా? ఏ బండికొత్తావు? ఏటి, సెప్పవేటి?" అని అడిగిందే అడిగింది. ఆవిడకి నీటికాసులొచ్చి చూపు పోయి చాలా కాలమైంది. మతిమరుపు అప్పుడప్పుడే మొదలైంది. నాన్నకి ఒక్కో మాటా గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది. చివరికి ఆయనకి విసుగొచ్చి, "ఎల్తన్నాను, ఇంక ఒగ్గీయే!" అనేసి ఆటో ఎక్కాడు.

"ఓలమ్మ! అదేటి మాటరా? ఎల్లొత్తానని అన్రా!" అని మామ్మ వెనకనుంచి కేకేసింది. ఆటో కదిలింది. నాన్న తిరిగి చూడలేదు. ఆయన సొంత గొంతుతో వాళ్ళమ్మకి చెప్పిన ఆఖరి మాట అదే.

ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద ఊపిరికి ఒక రంధ్రం, దాని మీద చిన్న తెల్లగుడ్డ. మనిషి దక్కాడు, అంతే చాలని అమ్మ నాగ్‌పూర్ నుంచి వస్తూ రైల్లోనే మొక్కులన్నీ మొక్కేసింది. మాకందరికీ నాన్న పలక మీద రాసేవాడు, అది కూడా తెలుగులో. మేముండేది హిందీ ఊరు, నేను చదువుకున్నది హిందీ బడిలో. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం అరకొర. నాన్న గొంతు పోయాకే, ఆయన పలక మీద రాసింది కూడబలుక్కుని కూడబలుక్కుని, నాకు తెలుగు చదవడం సరిగ్గా వచ్చింది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ పలక పుణ్యమే.

కానీ మామ్మ సంగతేమిటి? ఆయన మాట్లాడలేడు, ఆవిడ చూడలేదు. ఉద్యోగం చేసినంత కాలం నాన్న ఎర్రజెండా, పచ్చజెండాలతోనే డ్రైవర్లతో మాట్లాడాడు. సైగలంటే ఆయన తర్వాతే ఎవరైనా. చూపులేని తల్లి ముందు అవేవీ పనికిరాలేదు.

మొదట్లో అమ్మ విషయం చెప్పింది. "అత్తా, మీ అబ్బాయికి గొంతు తీసీసినారు. ఆయన మాటాడలేరు" అంది. మామ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. తెల్లారేసరికి మరిచిపోయింది. మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాం, మళ్ళీ అప్పుడే విన్నట్టు ఏడ్చింది. రోజూ ఆ ముసలిప్రాణాన్ని అలా కోయడం మావల్ల కాలేదు. చెప్పడం మానేశాం. అప్పుడు ఆవిడ తనకి తానే ఒక జవాబు వెతుక్కుంది.

"ఆ పూట నాను కసిరీసినాను కదేటి. అందుకే ఆడు అలిగినాడు. ఎల్లొత్తానని అనకుండా ఎల్లినోడు, నాతో ఇంకేటి మాటాడతాడు?"

మిగతావన్నీ మరిచిపోయేది గానీ ఆ ఉదయాన్ని మాత్రం మరిచిపోలేదు. నాన్న పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే, అది ఎవరి చెయ్యో ఆవిడకి తెలుసు. తడిమి, తెలుసుకుని, చెయ్యి లాగేసుకునేది. "నోటితో అన్రా. కోపం నేదని నోటితో అను" అనేది. అమ్మ ఆయన తరపున చెప్పబోతే, "నువ్వు సెప్పడం కాదే, ఆణ్ణి సెప్పమను" అనేది. నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. ఏడుపు కూడా చప్పుడు లేకుండా వస్తుందని నాకు ఆ పెరట్లోనే తెలిసింది. ఆవిడ ఈ బెంగతోనే పోతే నాన్న తర్వాత బతికినన్నాళ్ళూ బతికినట్టు కాదని నాకు భయం పట్టుకుంది.

నేనప్పుడు మా ఊళ్ళోనే సర్కండా వైపు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. వాళ్ళు మూలన పడేసిన పాత యంత్రమొకటి ఇంటికి తెచ్చుకున్నాను. అందరూ వాడే సిస్టమ్ వేస్తే అది లేవడానికే ఆపసోపాలు పడేది. లినక్స్ అని ఉచితంగా దొరికే ఇంకో సిస్టమ్‌లో ఒక బక్కరకం ఉంది, ఒక్క సీడీలో పట్టేస్తుంది, దాన్ని వేస్తే మాత్రం ముసలి గుర్రం లేచి నడిచింది. టైపు చేసిన మాటల్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఉందని, దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చని నెట్‌లో చదివాను. ఆ రోజు ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. నాన్న పలక లాక్కుని దాని మీద పెద్ద అక్షరాలతో "మాట్లాడొచ్చు" అని రాశాను. ఆయన నా తప్పులు దిద్ది నా చేతిలో పెట్టాడు. నమ్మలేదు.

తయారుగా దొరికే ప్రోగ్రాం నా బక్క సిస్టమ్‌కి సరిపడలేదు. మిగిలిన దారి ఒకటే. దాని సోర్సు, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, తెచ్చుకుని ఇంట్లోనే కంపైల్ చేసి, యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చుకోవడం. ప్యాకెట్ కారం కొనకుండా మిరపకాయలు తెచ్చి మనమే దంచుకోవడం లాంటిదన్నమాట. చేతులు మండుతాయి గానీ అందులో ఏం కలుస్తుందో మనకి తెలుస్తుంది.

ఇంట్లో నెట్ లేదు. గోల్‌బజార్‌లో ఒక నెట్ కెఫేకి వెళ్ళి, సోర్సు మూట పెన్ డ్రైవ్‌లో వేసుకుని వచ్చి, విప్పి, ఆజ్ఞ ఇచ్చాను. అది నాలుగు లైన్లు నడిచి ఆగింది. ఫలానా లైబ్రరీ, అంటే అది ఆధారపడే ఇంకో ప్రోగ్రాం ముక్క, లేదంది. సైకిలేసుకుని మళ్ళీ బజారు. ఆ లైబ్రరీ తెస్తే, దాన్ని కట్టాలంటే ఇంకోటి కావాలంది. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కెఫే కుర్రాడు నన్ను చూడగానే "ఫిర్ ఆ గయీ, దీదీ?" అని నవ్వేవాడు. మళ్ళీ వచ్చాను బాబూ, నీ సొమ్మేం పోయింది అని మనసులో అనుకునేదాన్ని. ఎండాకాలం, తలకి దుపట్టా చుట్టుకుని ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు.

ఒక మధ్యాహ్నం అది ఆగకుండా నడిచింది. తెరమీద లైన్లు కిందనుంచి పైకి పరిగెడుతున్నాయి. నాన్న కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, ఆయనకి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఎదురుగా పోతున్న గూడ్సు బండిని గార్డు చూసినట్టే చూశాడు, ఎక్కడైనా ఇరుసు కాలి పొగ వస్తోందేమో అన్నట్టు. ఆఖరి లైను పడి తెర నిలిచింది. తప్పులేవీ లేవు. నేను తలూపగానే నాన్న చెయ్యి పైకెత్తి, అటూ ఇటూ ఊపాడు. బండి కదలొచ్చని గార్డు ఊపే ఊపు అది. గొంతు పోయాక ఆయన ఆ చెయ్యి ఊపడం నేను చూడటం అదే మొదలు.

ఆ ప్రోగ్రాంకి తెలుగు రాదు, హిందీ వచ్చు. దానికేముంది అనుకున్నాను. మా రైల్వే పిల్లలందరం తెలుగుని హిందీ అక్షరాల్లోనే కదా రాసుకుంటాం! పాటలు, శుభలేఖల మీద పేర్లు, ఫోన్‌లో సందేశాలు, అన్నీ అలాగే. హిందీ అక్షరాల్లో "అమ్మా, నీ మీద కోపం లేదు, గొంతు పోయింది" అని టైపు చేసి, స్పీకర్లు తీసుకెళ్ళి మామ్మ మంచం దగ్గర కిటికీలో పెట్టాను.

"అమ్మా, నీ మీద్ కోపం లేదు, గోంతు పోయింది" అంది యంత్రం.

మామ్మ చెవి అటు తిప్పి శ్రద్ధగా విన్నది. మా క్వార్టర్‌కి స్టేషన్ దగ్గర, ప్లాట్‌ఫారం మీద మైకులో చెప్పేవన్నీ ఇంట్లోకి వినిపిస్తాయి.

"ఏ బండి లేటంటన్నాడే?" అని అడిగింది.

అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది, నవ్వాపుకోలేక. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నాన్న పలక మీద ఒకే మాట రాశాడు. "ఒగ్గీ." వదిలెయ్యమని.

ఎలా వదిలేస్తాను? మూర్ఖత్వంలో నేను ఆ ముసలమ్మ మనవరాలినే. తప్పు ఎక్కడుందో నాకు తెలిసింది. హిందీలో "ఎ"కారం ఎప్పుడూ పొడుగే, "ఒ"కారం ఎప్పుడూ పొడుగే. పొట్టివి లేవు. పైగా మాట చివర అకారం ఉంటే హిందీ దాన్ని మింగేస్తుంది. మేం రాసుకునేటప్పుడు ఇది మాకెప్పుడూ అడ్డురాలేదు, ఎందుకంటే చదివేది మేమే, మా నోరే దాన్ని దిద్దుకునేది. యంత్రానికి మా నోరు లేదు కదా.

కానీ సోర్సు నా చేతిలో ఉంది. ఏ అక్షరాన్ని ఎలా పలకాలో రాసిన ఫైలు అందులో ఉంది, విప్పి చూస్తే మామూలు రాతే. చివరి అకారాన్ని మింగే నియమాన్ని వెతికి కొట్టేశాను. ఏ, ఓలకి ముందు ఒక చుక్క పెడితే వాటిని పొట్టిగా పలకాలని కొత్త నియమం రాశాను. మళ్ళీ కంపైల్, మళ్ళీ పరీక్ష. పరీక్షకి న్యాయమూర్తి వంటింట్లో అమ్మ. నేను ఇక్కడ మీట నొక్కితే అక్కడినుంచి తీర్పొచ్చేది. "పేరుగేటి నీ మొకం, పెరుగు!" "కొబ్బరి బాగుందే, తినొచ్చు!" మధ్యలో గాలివాన వచ్చి కరెంటు పోయి, చేసిందంతా మొదటినుంచి చెయ్యాల్సి వచ్చింది. చేశాను. చివరికి యంత్రం "గొంతు" అన్నప్పుడు అమ్మ గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది.

ఇక మాట కుదరాలి. ఇక్కడే నేను బోర్లా పడ్డాను. మా ఇంటి తెలుగు మాట్లాడటానికే గానీ రాయడానికి పనికిరాదని మా పిల్లలకి ఒక గట్టి నమ్మకం. రాజ్‌కిశోర్ నగర్‌లో బొగ్గు కంపెనీ ఆఫీసర్ల కుటుంబాలుండేవి, హైదరాబాదు వైపు వాళ్ళు. పండగలకి కలిసినప్పుడు మేం "ఏటి" అంటే వాళ్ళ పిల్లలు కిసుక్కుమనేవాళ్ళు. అందుకని నేను చాలా శ్రద్ధగా, మంచి తెలుగులో రాశాను. "అమ్మా, నేను మీ కుమారుణ్ణి. మీ మీద నాకు ఎటువంటి కోపమూ లేదు. గొంతుకి శస్త్రచికిత్స జరిగినందువల్ల మాట్లాడలేకపోతున్నాను."

సాయంత్రం మామ్మ పక్కన నాన్నని కూర్చోబెట్టి మీట నొక్కాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎంత శుభ్రంగా పలికిందో!

మామ్మ గబగబా కొంగు సర్దుకుని, కాళ్ళు మంచం కిందికి దించింది.

"రండి బాబూ, కూకోండి. ఓలె, ఆపీసరు బాబొచ్చినారు, చాయ్ పెట్టు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీకు నా మీద కోపమేటి బాబూ? మీరెవులో, నానెవులో. కోపం మా గుంటడికి. ఎల్లొత్తానని అనకుండా ఎల్లిపోనాడు. మీరు పెద్దోరు, మీరైనా ఓ మాట ఆడికి సెప్పండి" అంటూ చేతులు జోడించింది.

ఆ చేతులు గాలిలోకి జోడించింది, కొడుకు పక్కనే ఉన్నాడు. వేసవి పొడుగునా పడ్డ పాటు ఇందుకా అనిపించింది. యంత్రాన్ని తీసి పెరట్లోకి విసిరికొట్టేదాన్నే, కానీ నాన్న అప్పటికే లేచి లోపలికొచ్చి నా భుజం పట్టుకుని కుర్చీలోంచి లేపాడు. తాను కూర్చున్నాడు.

ఆయనకి హిందీ అక్షరాలు తెలుసు, కీబోర్డు తెలియదు. ఒక్క వేలితో, ప్రతి అక్షరాన్నీ వెతుక్కుంటూ కొట్టాడు. మధ్యలో నా వైపు తిరిగి బొటనవేలు, చూపుడువేలు దగ్గరగా పెట్టి చూపించాడు. పొట్టిగా పలకడానికి చుక్క ఎక్కడుందని. చూపించాను. మొదటి అక్షరానికి ఒక చుక్క, రెండో అక్షరానికి ఒక చుక్క. హిందీలో లేని రెండూ ఆయనకి కావాల్సిన ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. కొట్టడం అయ్యాక నన్ను మీట నొక్కనివ్వలేదు. తనే నొక్కాడు.

"ఎల్లొచ్చీసానే అమ్మా" అంది యంత్రం.

మామ్మ కదల్లేదు. నాన్న మళ్ళీ నొక్కాడు.

"ఎల్లొచ్చీసానే అమ్మా."

"ఒచ్చీసావా నాయినా!" అంది మామ్మ. "ఇంతసేపేటిరా? బండి లేటయిందేటి?"

నాన్న వరండాలోకి పరుగెత్తాడు. మంచం మీద కూర్చుని చెయ్యి ఆవిడ చేతిలో పెట్టాడు. మామ్మ లాగేసుకోలేదు. ఆ చేతిని తన చెంపకి ఆనించుకుని, "గొంతేటిరా అలగుంది, ఎండలో తిరిగినావేటి? బువ్వ తిను, ఎల్లు" అంది. నేనూ అమ్మా వంటింట్లో ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నాం.

మర్నాటికి ఆవిడ అది కూడా మరిచిపోయింది. "ఆడేల మాటాడడే?" అని పొద్దున్నే మొదలుపెట్టింది. నేను నీరుకారిపోయాను గానీ నాన్న పట్టు వదల్లేదు. సాయంత్రం కాగానే వెళ్ళి యంత్రం ముందు కూర్చున్నాడు. ఆయన అవస్థ చూడలేక ఆ వాక్యాన్ని ఒకే మీటకి కట్టేశాను, నొక్కితే చాలు వినిపించేలా. ఇక రోజూ దీపాలవేళకి మా ఇంట్లో కొడుకు డ్యూటీ నుంచి తిరిగొచ్చేవాడు. రోజూ బండి లేటయ్యేది. రోజూ మామ్మ బువ్వ తినమనేది. కావాలంటే ఇంకెన్ని వాక్యాలైనా నేర్పిస్తానని నాన్నకి చెప్పాను. వద్దని చెయ్యి అడ్డంగా ఊపాడు.

మరుసటి ఏడు వానాకాలంలో మామ్మకి ఆయాసం ఎక్కువైంది. ఒక ఉదయం ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సొచ్చింది. ఆటోలో మామ్మని మధ్యలో పెట్టుకుని అమ్మా నేనూ కూర్చున్నాం. ఇల్లు తాళం పెట్టి సైకిల్ మీద వెనకాల రావాలని నాన్న గేటు దగ్గర నిలబడ్డాడు. ఆటో మొరాయించి స్టార్టయింది. మామ్మ ఒక్కసారి తల ఇంటివైపు తిప్పింది.

"ఒరే నాయినా, ఎల్లొత్తాన్రా" అంది.

జవాబు కోసం ఆగింది. ఆ మాటకి జవాబు "ఎల్లిరా" అని. అది పడందే బయల్దేరే మనిషి కాదు ఆవిడ. డ్రైవర్‌ని ఆగమన్నాను. నాన్న ముఖం చూశాను, చూడలేకపోయాను. ఆయన గిరుక్కున తిరిగి ఇంట్లోకి పరిగెత్తాడు. పొద్దున్న నేను ఏదో పని చేసుకుంటూ వదిలేసిన యంత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. కొత్త మాట కొట్టే వ్యవధి లేదు, మీటకి కట్టి ఉన్న మాట ఒక్కటే. కిటికీలోంచి అదే వినిపించింది.

"ఎల్లొచ్చీసానే అమ్మా."

మామ్మ నవ్వింది. ఆయాసపడుతూనే, "ఒచ్చీసావేటి? అయితే ఇంకేటి, ఇంట్లో ఉండు. నానెల్లొత్తాను" అని డ్రైవర్ భుజం తట్టింది.

వీధి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. నాన్న మళ్ళీ గేటు దగ్గరికి వచ్చి, కుడిచెయ్యి పైకెత్తి, అటూ ఇటూ ఊపుతున్నాడు. మామ్మ తిరిగి రాలేదు.